ఐసు మీద ఎమ్మార్పీ

ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివేవారు చదువు ముగిసేలోగా కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేసి తీరాలన్నది బార్ కౌన్సిల్ నిబంధన. సిఫారసు చేసే సీనియర్ వకీలు ఎవరూ లేని నాబోటివారు వినియోగదారుల రక్షణ పేరుతో నడిచే ఏదో ఒక సర్కారు ఆఫీసులో చేరిపోతారు. నేను చేరిన ఆఫీసు ఏదో చెప్పను, ఎందుకంటే సర్టిఫికెట్ మీద ఇంకా సంతకం పడలేదు. అక్కడ నాకు చట్టాన్ని నేర్పింది ప్రధానంగా జిరాక్సు మిషను.

డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986 నాటి మొదటి వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజది. ఆ సందర్భంగా పరకాల వైపు ఒక ఊరి ఫంక్షన్ హాలులో అవగాహన సదస్సు పెట్టి, బ్యానరు కట్టడం, కుర్చీలు వేయించడం, ప్రసంగించడం నాకు అప్పగించిన మా సారు, శాలువా కప్పించుకునే బాధ్యతను తానే స్వీకరించారు.

వచ్చేది పత్తి, మిరప రైతులు కనుక నేను విత్తనాల మీద సిద్ధమయ్యాను. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి, మొలక రాకపోతే చూపడానికి బిల్లు, ఖాళీ సంచీ, గుప్పెడు గింజలు దాచుకోవాలన్న సంగతి, రెండేళ్లలోగా కేసు వేయాలన్న సంగతి, కొన్న సరుకు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజే లేదన్న సంగతి అన్నీ వరుసగా రాసుకున్నాను. సారు ఆ కాగితాలను పైపైన చూసి, "విత్తనాల జోలికి పోకు, ముందు వరుసల డీలర్లు కూర్చుంటరు. ఎమ్మార్పీ మీద మాట్లాడు, ఎవ్వరికీ బాధ ఉండది" అన్నారు.

ఎవ్వరికీ బాధ లేని ఆ అంశంతోనే మొదలుపెట్టాను. వేదిక మీద సారు ముందున్న నీళ్ల బాటిల్ తీసి పైకెత్తి, ప్యాకు చేసిన ప్రతి వస్తువు మీద అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర ముద్రించాలని తూనికలు కొలతల శాఖ 2011 నిబంధనలు చెబుతున్నాయని అన్నాను. ఆ ధర ఎక్కడుందో చూపబోతే కనబడలేదు. మెడ దగ్గర చీమ తలంత అక్షరాల్లో కొట్టిన సిరా ఐసు నీళ్లకు తడిసి, తేదీ ధరలోకి, ధర బ్యాచి నంబరులోకి జారిపోయాయి. ముందు వరుసలోని ఒక డిగ్రీ పిల్లవాడు సెల్ఫోన్ లైటు కొట్టి, బాటిల్‌ను నాలుగు వైపులా తిప్పి, చివరకు "ఇరువై" అని ప్రకటించాడు.

అంతే, ఒక పెద్దాయన లేచాడు. "బిడ్డా, ఇరువై అంటున్నవ్, గా గుమ్మం కాడ నా దగ్గర ముప్పై తీసుకుండు గదా! గిప్పుడేం జెయ్యాలె?" జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయాలని చెప్పాను. ఆయన ఏమాత్రం ఆలస్యం చేయకుండా నంబరు కొట్టి, స్పీకరు ఆన్ చేసి, వేదిక మీదికి వచ్చి ఫోనును మైకుకు ఆనించాడు. 17 భాషల్లో మాట్లాడే ఆ హెల్ప్‌లైన్ మా హాలులో ఒక్క భాషలో నోరు తెరవబోతుండగా మైకు చచ్చిపోయింది.

మైకు సెట్టు టెంటు హౌసు ఆయనది. కుర్చీలు ఆయనవి. గుమ్మం దగ్గర ఐసు డబ్బా పెట్టి నీళ్లమ్ముతున్నదీ ఆయనే. యాంప్లిఫయరు పక్కన, చేతిలో ఊడిన వైరుతో నిలబడి, "సీసా ఇరువై, ఐసు పది. ఐసు గడ్డ మీద ఎమ్మార్పీ యాడున్నదో సూపియ్యమను" అన్నాడు. డిసెంబరు చలిలో ఐసు ఎవరడిగారని నేను అడగబోయేలోగా, విశ్రాంత ఉపాధ్యాయులొకరు లేచి, నీళ్ల బాటిల్‌కు ఎమ్మార్పీ మించి తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అన్నారు. అది కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్ల సంగతి, గుమ్మం దగ్గరి ఐసు డబ్బాకు వర్తించదు అని నేను గొంతు చించుకున్నాను. మా సారు మాత్రం, తన శాలువా కార్యక్రమం కూడా ఆ మైకు మీదే ఆధారపడి ఉందన్న స్పృహతో, "పోనియ్యవయ్యా, పది రూపాయలకు ఏమైతది" అని నాకు న్యాయబోధ చేశారు.

మైకు లేని గొంతు రెండో వరుస దాటదు. అక్కడి నుంచి నా ప్రసంగాన్ని సభికులే ఒకరికొకరు అందించుకున్నారు. "ఐసుకు పది రూపాయలు తీసుకోరాదు" అని నేనన్న మాట నాలుగో వరుసకు "ఐసు పది రూపాయలు వాపసు" అయింది. ఆరో వరుసకు వాపసు ఇచ్చేది సర్కారు అయింది. గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్లను చేరేసరికి అది ఒక పథకంగా స్థిరపడి, ఆధారు జిరాక్సు, బ్యాంకు పాసుబుక్కు కావాలన్న నియమాలు కూడా ఏర్పడ్డాయి. సభ ముగియకముందే వేదిక మెట్ల దగ్గర లైను కట్టారు. పథకం ఏదీ లేదని నేనెంత చెప్పినా, లేదనడం ఆఫీసు వాళ్లకు అలవాటేనని లైనులో ఒకరినొకరు ఓదార్చుకున్నారు. సారు కారెక్కుతూ, "తీసుకో, తీసుకో, స్పందన బాగున్నది, రిపోర్టుల రాద్దాం" అన్నారు.

రిపోర్టు నేనే రాశాను. దాని ఫోటోల్లో మా సారు ఉన్నారు, శాలువా ఉంది. మైకు మళ్లీ పనిచేస్తున్నట్టు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అడిగితే సోమవారమని చెబుతారు, ఏ సోమవారమో చెప్పరు. దీని మీద నేను ఫిర్యాదు చేయడానికి కూడా లేదు. రుసుము తీసుకోకుండా చేసే సేవను 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవగానే లెక్కించదు, ఇంటర్న్‌షిప్‌కు నేను ఒక్క రూపాయి కట్టలేదు.

ఆధారు జిరాక్సులు నా హాస్టల్ గదిలో మంచం కింద ఉన్నాయి. పారేయడానికి భయం, తిరిగి ఇవ్వడానికి బస్సు ఖర్చు. వాటితో పాటు నా ఫోన్ నంబరు కూడా ఊళ్లోకి వెళ్లింది. నిన్న రాత్రి ఒకావిడ ఫోన్ చేసి, "బిడ్డా, నేను రెండు సీసాలు కొన్న, ఇరువై పడుతయా?" అని అడిగింది. పొద్దున సారుకు చెబితే, తల ఎత్తకుండా, "రెండు సీసాలని రాసుకో" అన్నారు.