పండగ పల్లె సెట్టులో ఎవరి పాల క్యాను?

సంక్రాంతి వస్తే విదేశాల్లోని మన తెలుగు సంఘాలు అద్దె హాళ్ళలో పల్లె సెట్టు వేస్తాయి. తాటాకు పాక, గొబ్బెమ్మలు, ఎడ్లబండి చక్రం, ఓ మూల పాల క్యాను. అమెరికాలో చాలా సెట్టుల్లో ఆ క్యాను ఇక్కడి పాత సామాన్ల కొట్లో కొన్నదే, పది గ్యాలన్ల ఉక్కు క్యాను. అది ఇక్కడి పాడి రైతుది. అనకాపల్లిదీ కాదు, చోడవరానిదీ కాదు. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కదా, ఏదైతే ఏముంది అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ రెండు క్యాన్లూ రెండు వేరువేరు పాడి పద్ధతులవి. ఆ తేడా చెప్పకుండా క్యాను పెడితే, విశాఖ పల్లెల్లో పాలు ఎలా బతుకుతెరువయ్యాయో పిల్లలకు చెప్పనట్టే.

పది గ్యాలన్లంటే సుమారు 38 లీటర్లు. ఉక్కు రేకు, పైన తగరపు పూత. చాలావాటి మీద ఎర్ర రంగుతో ఒక నంబరు ఉంటుంది. అది పాలు కొనే క్రీమరీ ఆ రైతుకిచ్చిన నంబరు. ఒక్కో రైతు తన పాలు తన క్యాన్లలోనే పంపేవాడు, ఖాళీ క్యాన్లు మళ్ళీ తన ఇంటికే వచ్చేవి. పాలు విరిగితే ఎవరివో నంబరే చెప్పేది.

మన క్యాను 40 లీటర్లది, అల్యూమినియం మిశ్రమంతో చేసింది. దానికి ఐ.ఎస్. 1825 అనే భారతీయ ప్రమాణం ఉంది. మెడ మీదో మూత మీదో ఉండే గుర్తులు ఊరి పాల సంఘానివి, డెయిరీవి, ఏ ఒక్క రైతువీ కావు. ఎందుకంటే ఒకే గేదె ఉన్న ఇల్లు పూటకు లీటరో రెండు లీటర్లో పోస్తుంది. అలాంటి ఇరవై ముప్ఫై ఇళ్ళ పాలు కలిస్తే గానీ ఒక క్యాను నిండదు. కలిశాక ఎవరి పాలు ఎవరివో విడదీయలేం. కాబట్టి నిజాయితీ అంతా పాలు క్యానులో పడకముందే తేలాలి. మన పాలకేంద్రం సరంజామా అంతా ఈ ఒక్క అవసరం నుంచే పుట్టింది. క్యాను ఒక్కటే తెచ్చి పెడితే అసలు సంగతి ఇంటి దగ్గరే వదిలేసి వచ్చినట్టు.

ముందు కొలత. చెయ్యి ఉన్న లీటరు పాత్రతో కొలిస్తే నురుగు కూడా పాలకిందే లెక్కకొస్తుంది. తూకం వేస్తే ఆ గొడవ లేదు. కానీ లీటరు పాలు 1.03 కిలోల దాకా తూగుతాయి. 40 లీటర్ల క్యానుకి కిలో పైచిలుకు తేడా. ఊళ్ళో లీటర్లలో తీసుకుని డెయిరీలో కిలోల్లో లెక్క కడితే ఆ తేడా ఎవరి ఖాతాలో పడుతోందో అడిగే హక్కు సభ్యులకు ఉంది. ఎలక్ట్రానిక్ తూకాలు వచ్చాక ఈ పేచీ చాలావరకు తగ్గింది.

తర్వాత లాక్టోమీటరు, అంటే పాల సాంద్రత కొలిచే పరికరం. గేదె పాలలో మామూలుగా 28 నుంచి 32 మధ్య చూపిస్తుంది. అప్పుడే పితికిన పాలలో వేస్తే తక్కువ చూపిస్తుంది. అందులో ఇంకా గాలి ఉంటుంది, వెన్న గట్టిపడి ఉండదు. కాసేపు ఆగాలి. 27 డిగ్రీలకు కట్టిన పరికరమైతే, పాలు అంతకన్నా వేడిగా ఉన్నప్పుడు డిగ్రీకి సుమారు 0.2 చొప్పున కలుపుకోవాలి. ఇవన్నీ చేసినా లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. నీళ్ళు కలిపితే రీడింగ్ దిగుతుంది, మీగడ తీస్తే పెరుగుతుంది. మీగడ తీసి నీళ్ళు పోస్తే రీడింగ్ మళ్ళీ మామూలుగానే కనిపిస్తుంది. అందుకే వెన్నశాతం పరీక్ష తప్పదు.

అది గెర్బర్ పద్ధతి. బ్యూటైరోమీటరు అనే గాజు గొట్టంలో ముందు 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, దాని మీద గోడ వెంట మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆపైన 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. బిరడా బిగించి కలిపితే గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, గుడ్డతో పట్టుకోవాలి. సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 1100 చుట్ల వేగంతో నాలుగైదు నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల నీళ్ళలో ఉంచి, మెడలోని గీతల మీద చదవాలి. ఆమ్లం మరీ గాఢమైతే వెన్న కింద నల్లటి మాడు కడుతుంది, పలచనైతే తెల్లటి తునకలు మిగులుతాయి. రెండింట్లోనూ రీడింగ్ నమ్మలేం. చేత్తో తిప్పే యంత్రాన్ని రెండు నిమిషాలకే ఆపితే వెన్న పూర్తిగా పైకి రాదు. చల్లారాక చదివినా తక్కువే వస్తుంది. ఈ రెండు తప్పుల్లోనూ నష్టపోయేది పాలు పోసిన మనిషే.

ఎంత నష్టం? పాలకి డబ్బు వెన్న లెక్కన కడతారు. లెక్క కోసం కిలో వెన్నకి 700 రూపాయలు అనుకుందాం. 7 శాతం ఉన్న 2 కిలోల పాలలో వెన్న 140 గ్రాములు, 98 రూపాయలు. అదే పాలకి 6 శాతం అని రాస్తే 84. ఒక్క పూటకి 14 రూపాయలు. గేదె పాలిచ్చినన్ని నెలలూ రెండు పూటలా ఇలాగే పోతే ఆ ఇంటికి తవుడు, తెలకపిండి ఖర్చే గిట్టదు. వెన్నశాతం చూసే టెస్టరు ముందు నిలబడి రీడింగ్ చూపించమని అడిగే ఆడవాళ్ళని కొందరు పేచీకోరులంటారు. వాళ్ళు అడిగేది సరైనదే. వాళ్ళ వల్లే చాలా కేంద్రాలు సక్రమంగా నడిచాయని నేను నమ్ముతాను.

అన్నిసార్లూ తప్పు టెస్టరుదే కాదు. తొలి ధార పాలు పలచన, ఆఖరి ధార చిక్కన. పాలు దిగేందుకు (చేపుకి) దూడని వదిలి, పితికాక మళ్ళీ వదిలితే చిక్కటి పాలు దూడకి పోతాయి. దూడకి అది న్యాయమే గానీ కేంద్రంలో శాతం తగ్గుతుంది. బిందెలో పాలు కాసేపు నిలిస్తే మీగడ పైకి తేలుతుంది. కలియబెట్టకుండా పైనుంచి శాంపిల్ తీస్తే ఎక్కువ, అడుగునుంచి తీస్తే తక్కువ. ఈనిన మొదటి అయిదు రోజుల జున్నుపాలు, పొదుగువాపు వచ్చిన గేదె పాలు క్యానులో కలవకూడదు. ఒక్క చెంబు కలిసినా కాచినప్పుడు నలభై లీటర్లూ విరగొచ్చు. అనుమానం వస్తే అయిదు మిల్లీలీటర్ల పాలు గాజు గొట్టంలో పోసి మరిగే నీళ్ళలో పెట్టి చూస్తారు. పలుకు కడితే ఆ పాలు వెనక్కి.

ఇక క్యాను పోరాటమంతా సమయంతో. పితికిన పాలకు మొదటి రెండు మూడు గంటలు తనదైన రక్షణ కొంత ఉంటుంది. ఆ తర్వాత మన వాతావరణంలో సూక్ష్మజీవులు అరగంటకో మారు రెట్టింపవుతాయి. ఆలోగా క్యాను శీతలీకరణ కేంద్రానికి చేరి, పాలు 4 డిగ్రీలకు దిగాలి. లారీ టైరు పంచరైతే, వాగు పొంగితే ఆ దారిలోని ఊళ్ళన్నింటి పాలూ పులిసిన పాల లెక్కలోకి పోతాయి. సగం నిండిన క్యాను కూడా ప్రమాదమే. గతుకుల రోడ్డు మీద పాలు చిలికినట్టయి వెన్న పలుకులు కట్టి మూతకీ గోడకీ అంటుకుంటాయి. ఊళ్ళో చూసిన శాతం డెయిరీలో కనబడదు, సంఘం సెక్రటరీ గారి మీద అనుమానం మొదలవుతుంది. అందుకే మెడ దాకా నింపాలంటారు. సైకిలు మీద పాలు తెచ్చే వాళ్ళు తొణకకుండా క్యానులో ఎండుగడ్డి వేసేవారు. గడ్డితో దుమ్మూ మట్టీ పాలలోకి చేరేవి.

కడగడంలోనూ ఒక వరస ఉంది. ముందు చన్నీళ్ళతో తొలపాలి. వేణ్ణీళ్ళు ముందు పోస్తే పాలలోని మాంసకృత్తులు గోడకి పట్టేస్తాయి, పోనుపోను రాయిలా గట్టిపడతాయి. తర్వాత కడిగే పొడీ బ్రష్షూ, తర్వాత వేణ్ణీళ్ళు, వీలుంటే ఆవిరి. చివర బోర్లించి పూర్తిగా ఆరబెట్టాలి. ఈ ఆఖరిదే ఎక్కువ ఎగ్గొడతారు. తడి క్యానుకి మూత బిగిస్తే సాయంత్రానికి లోపల పుల్లటి వాసన. అల్యూమినియాన్ని బూడిదతోనూ చాకలిసోడాతోనూ తోమకూడదు. క్షారం లోహాన్ని తినేసి గుంటలు పెడుతుంది, ఆ గుంటల్లో పాలు దాక్కుంటాయి. మూతలోని రబ్బరు రింగు వెన్న పీల్చి జిగురెక్కుతుంది, పగిలేలోగా మార్చాలి.

ఈ క్యాను రాకముందు ఏముండేది? పట్నానికి దగ్గరి ఊళ్ళ పాలు కళాయి వేసిన ఇత్తడి బిందెల్లో విశాఖ చేరేవి. గిద్ద, సోల, తవ్వ కొలతల్లో వాడిక ఇళ్ళకు పోసేవారు. దూరపు ఊళ్ళ పాలు పట్నం దాకా నిలవవు. అందుకని దాలిలో పిడకల సెగ మీద కాగి, తోడుకుని, కవ్వం కింద వెన్నయి, నెయ్యిగా అమ్ముడయ్యేవి. నెయ్యి డబ్బు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతిలోది. మిగిలిన చల్ల ఇరుగుపొరుగుకి ఊరికే పోసేవారు. గేదె లేని ఇంటి చోడంబలి (రాగి అంబలి)లోకి ఆ చల్లే.

1964 సహకార చట్టం కింద పాల సంఘాలు లేచాయి. 1970లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఆపరేషన్ ఫ్లడ్ మొదలుపెట్టింది. ఆ దశాబ్దంలోనే విశాఖ జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ కాళ్ళూనుకుంది. మనం విశాఖ డెయిరీ అనేది దాన్నే, ఇప్పుడు ఉత్పత్తిదారుల కంపెనీ. లారీలు చోడవరం, మాడుగుల, యలమంచిలి దారులు పట్టాయి. పాలకి రొక్కం వచ్చింది, పదిహేను రోజులకోసారి బిల్లు వచ్చింది, ఆ బిల్లు మీదే గేదె అప్పు తీరింది. ఎంతోమంది పిల్లల ఫీజులు ఆ బిల్లులోంచే వెళ్ళాయి. ఇది పెద్ద మేలు, తక్కువ చేసి చెప్పడానికి నాకు మనసొప్పదు. పోయినవీ ఉన్నాయి. పాలు పాలుగానే ఊరు దాటడంతో ఉచితంగా దొరికే చల్ల పోయింది. గడ్డి కోసేదీ కుడితి పెట్టేదీ పితికేదీ ఇల్లాలైతే, సభ్యత్వమూ బిల్లూ చాలాచోట్ల ఇంటాయన పేర నడిచాయి. మహిళా పాల సంఘాలు తర్వాత వచ్చాయి, ఆలస్యంగా వచ్చాయి. క్యాను గురించి చెప్పేటప్పుడు ఈ రెండో వైపు కూడా చెప్పాలి.

అమెరికాలో 1950ల్లో, 60ల్లో పొలంలోనే చల్లబరిచే తొట్లు వచ్చి క్యాన్లు మూలపడ్డాయి. మన దగ్గర అలాంటి పెద్ద తొట్లు, బల్క్ కూలర్లు, చాలా ఆలస్యంగా ఊళ్ళకు వచ్చాయి. అయినా కేంద్రం నుంచి కూలరు దాకా ఆ కొద్ది దూరం ఇప్పటికీ క్యానుదే. కాబట్టి దాన్ని పురావస్తువులా చూపించడం కూడా పొరపాటే.

మరి సెట్టులో ఏం పెట్టాలి? ఊరెళ్ళినప్పుడు సొసైటీ పక్కన పెట్టేసిన సొట్ట క్యాను ఒకటి అడిగి, డబ్బు చెల్లించి తెండి. అయస్కాంతం అంటుకుంటే అది అల్యూమినియం కాదు. పాత్రలు తోమే సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు. రంగు వేయకండి, పువ్వులు గీయకండి, మెడ మీది అక్షరాలు అరగదీయకండి. ఇక్కడి పాత ఉక్కు క్యాన్లలో మజ్జిగో పానకమో పోసి పంచే అలవాటు మానుకోవాలి. వాటి అతుకుల టంకంలో సీసం ఉండే అవకాశం ఉంది, పుల్లటి మజ్జిగ దాన్ని కరిగిస్తుంది.

క్యాను పక్కన ఒక బల్ల వేయండి. లీటరు కొలత పాత్ర, లాక్టోమీటరు, ఖాళీ బ్యూటైరోమీటరు, ఒక పాల పాస్‌పుస్తకం. పాత రేట్ల పట్టిక సెక్రటరీ గారి బీరువాలో ఉంటే ఫోటో తీసి పంపమని అడగండి. సంఘాలు కంప్యూటర్లకు మారాక ఆ కాగితాలు చిత్తుకింద పోతున్నాయి. రెండు పొడుగాటి గ్లాసుల్లో పాలు పోసి, ఒకదాంట్లో అయిదో వంతు నీళ్ళు కలిపి, రీడింగ్ పిల్లల చేతే చదివించండి. ఆమ్లంతో పరీక్ష మాత్రం హాల్లో వద్దు. పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే 27 డిగ్రీలకు వచ్చేదాకా ఆగండి. చల్లటి పాలలో లాక్టోమీటరు ఎక్కువ చూపిస్తుంది, నీళ్ళు కలిపిన గ్లాసు కూడా మంచి పాలలాగే కనబడే ప్రమాదం ఉంది.