బొంతలు మింగే బీరువా గారికి

అయ్యా బీరువా గారూ,

మీరు నన్నెప్పుడూ చూసి ఉండరు. కానీ నా చేతి కుట్టు మీకు బాగా పరిచయం. మా మేనకోడలి పెళ్లికి కుట్టిచ్చిన నీలం, తెలుపు బొంత మీ రెండో అరలోనే ఉంది. నా స్నేహితురాలు కొత్త ఇంట్లో చేరినప్పుడు ఇచ్చింది మీ తమ్ముడి దగ్గరుంది. మా బాబాయికి ఆపరేషన్ అయ్యాక కాళ్ల మీద కప్పుకుంటాడని ఇచ్చిన చిన్నది మీ ఇంకో బంధువు పై అరలో, ప్లాస్టిక్ కవర్లో ఊపిరాడక పడి ఉంది. వాళ్ల పేర్లు చెప్పి కుట్టేది నేను, అందుకుంటున్నది మాత్రం మీరు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

"బొంత ఎలా ఉందే?" అని ఫోన్లో అడుగుతానా, అందరిదీ ఒకటే జవాబు. "అబ్బ, ఎంత బాగుందో! వాడితే పాడైపోతుందని భద్రంగా బీరువాలో పెట్టాం." ఇందులో మెచ్చుకోలు ఎక్కడ ఆగిందో, శిక్ష ఎక్కడ మొదలైందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. బాగా కుదిరిన పాపానికి బొంతకు యావజ్జీవం పడింది. రంగులు అంతగా కుదరనివి, మిగిలిన ముక్కలతో హడావిడిగా కుట్టినవి మాత్రం హాయిగా సోఫాల మీద దొర్లుతున్నాయి.

మీ దగ్గరికి వచ్చేలోపు అది ఎన్ని గండాలు దాటిందో కాస్త వినండి. పెద్ద మంచానికి చాలేలా అడ్డం, నిలువు 90 అంగుళాలు అనుకుందాం. ఒక్కో చదరం 5 అంగుళాలకు కత్తిరిస్తే, నాలుగు పక్కలా పావంగుళం చొప్పున కుట్టులోకి పోయి పైకి కనిపించేది నాలుగున్నరే. అంటే వరసకు 20, మొత్తం 400 ముక్కలు. టెన్షనంతా ఆ పావంగుళంతోనే. కుట్టు వీసం అంగుళం, అంటే అంగుళంలో పదహారో వంతు, లోపలికి జరిగిందా, రెండు ముక్కల్లోనూ కోత పడుతుంది కాబట్టి అతుకు అతుకుకీ అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గుతుంది. వరసలో 19 అతుకులు. చివరికొచ్చేసరికి రెండంగుళాల పైచిలుకు మాయం. అన్ని వరసలూ ఒకేలా తగ్గితే అదృష్టమే. ఒకటి పొట్టి, పక్కది పొడుగు అయితే చదరాల మూలలు కలవవు, అలిగిన తోడికోడళ్లలా చెరో దిక్కు చూస్తాయి. ఇక విప్పడమే. విప్పే పని గురించి రాస్తే ఈ లేఖ మర్యాద దాటుతుంది కాబట్టి రాయను.

ముక్కలన్నీ కలిస్తే తయారయ్యేది పైబట్ట మాత్రమే. దాని కింద దూది పొర, దాని కింద అస్తరు. మూడింటినీ నేల మీద పరిచి, నడిమి నుంచి అంచులకు చేత్తో సాపు చేసుకుంటూ పిన్నీసులు పెట్టాలి. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యలోకి చేరి అక్కడే స్థిరపడతాయి. చేత్తో కుట్టేటప్పుడు సూది మూడు పొరల్లోంచీ దిగి మళ్లీ పైకి రావాలి. దిగిన మొన అస్తరు దాటిందో లేదో కంటికి కనిపించదు, కింద పెట్టుకున్న వేలికి గుచ్చుకుంటేనే తెలుస్తుంది. ప్రతి కుట్టుకీ ఆ వేలు సాక్ష్యం చెప్పాలి. కొన్నాళ్లకు వేలి చివర మొద్దుబారిపోతుంది. అప్పుడు సాక్షి కూడా మాట మారుస్తాడు.

ఇంత చేసినా, చేతికిచ్చేనాటికి బొంత పూర్తయినట్టు కాదు. ఈ సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. కొత్త బొంత కాస్త బిరుసుగా ఉంటుంది. మొదటిసారి ఉతికినప్పుడు నూలుబట్ట, లోపలి దూది పొర కొంచెం కుంచించుకుపోతాయి. కుట్టున్న చోట బట్ట లోపలికి లాక్కుని, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఉబ్బుతుంది. చదునుగా ఉన్న బట్టకు అప్పుడు ఒళ్లొస్తుంది. ఉతికేకొద్దీ మెత్తబడి, కప్పుకునే మనిషికి అలవాటవుతుంది. మీరు తాళం వేసి దాచింది సగం చేసిన వస్తువునండీ.

సరే, దాచారు. దాచినదాన్నైనా క్షేమంగా ఉంచుతున్నారా? నూలుబట్టను ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే ఆ గీత వెంబడే పోగులు బలహీనపడి తెగుతాయి. అందుకే మ్యూజియాల వాళ్లు పాతబట్టల్ని గొట్టాలకు చుట్టి పెడతారు, లేదంటే అప్పుడప్పుడు మడతలు మారుస్తుంటారు. మీ అన్నగారు, ఆ చెక్క బీరువా, ఇంకా ఘనుడు. పాలిష్ లేని చెక్కలోంచి ఆమ్లాలు దిగి, ఆనుకున్న బట్ట మీద పసుపు, గోధుమ రంగు మరకలు వేస్తాయి. ప్లాస్టిక్ కవర్ వేశారా, లోపల చిక్కిన తడి ఎటూ పోలేక బూజు పట్టిస్తుంది. ఇక ఆ కలరా ఉండలు! బట్టలు కొరికే చిమ్మటల పిల్లపురుగులకు కావాల్సింది ఉన్ని, పట్టు లాంటివి. శుభ్రంగా ఉన్న నూలు బొంత జోలికి అవి రావు. రాని దొంగ కోసం అంత ఘాటైన కాపలా ఎందుకో, దాని వాసన పోయేదాకా ఎండలో ఆరబెట్టేవాళ్లకు తెలుస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అంత అమాయకంగా గోడకానుకుని నిలబడి ఉంటారు మీరు.

వాడకపోతే పాడవదన్న మీ సిద్ధాంతానికి 19వ శతాబ్దం చివర్లోనే జవాబు దొరికింది. ఆ రోజుల్లో అమెరికా, ఇంగ్లండుల్లో పట్టు, మఖమల్ ముక్కల్ని అడ్డదిడ్డంగా అతికి, మీద ఎంబ్రాయిడరీ చేసే 'క్రేజీ క్విల్ట్' మోజు నడిచింది. చలికి కప్పుకోవడానికి కాదు, ముందుగదిలో నలుగురూ చూడటానికి. అయితే అప్పటి పట్టులో చాలామటుకు బరువు కోసం లోహ లవణాలు ఎక్కించేవారు. ఆ లవణాలే పట్టుపోగుల్ని లోపల్నుంచి తినేశాయి. ఎవరూ కప్పుకోలేదు, ఎవరూ చింపలేదు, అయినా చాలా బొంతల్లో ఆ పట్టు ముక్కలు వాటంతటవే చీలికలై పొడిపొడిగా రాలాయి. దాని కింద ఎవరైనా వెచ్చగా పడుకుని ఉంటే, కనీసం ఆ సుఖమైనా దక్కేది.

మీ తరఫు వాదనా నాకు తెలుసు. "మేం దాచబట్టే కదా పాతవి మిగిలాయి" అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. సుమారు 1360, 1400 మధ్య సిసిలీలో నారబట్ట మీద ట్రిస్టన్ అనే వీరుడి కథ బొమ్మలు పైకి ఉబ్బి కనిపించేలా దూది కూరి కుట్టిన బొంత ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఎవరో ఒక పెట్టె దాన్ని కాపాడి ఉండాలి. కానీ మ్యూజియాల్లో కనిపించే పాత బొంతల్లో చాలామటుకు ఇలాంటి ముస్తాబు బొంతలే. రోజూ మనుషుల్ని వెచ్చగా ఉంచినవి అరిగి, చిరిగి, చివరికి ఇల్లు తుడిచే గుడ్డలైపోయాయి. వాటి పేరు చరిత్రలో లేదు. పని చేసినవాళ్లు పోయారు, పెట్టెలో పడుకున్నవాళ్లు మిగిలారు. ఇందులో మీరు గర్వపడేదేముందో చెప్పండి.

హారియెట్ పవర్స్ అనే ఆవిడ గురించి మీకు చెప్పాలి. అమెరికాలోని జార్జియాలో 1837లో బానిసగా పుట్టింది. బైబిలు కథల్ని బట్ట ముక్కల బొమ్మలుగా అతికి ఒక బొంత కుట్టి, 1886లో అక్కడి ఏథెన్స్ ఊళ్లో జరిగిన పత్తి ప్రదర్శనలో పెట్టింది. జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు చూసి కొంటానంటే ఇవ్వనంది. కొన్నేళ్లకు ఇబ్బందులొచ్చి తనే అమ్మజూపింది. 10 డాలర్లు అడిగితే వచ్చింది 5. అమ్మేశాక కూడా దాన్ని చూసుకోవడానికి ఆవిడ మళ్లీ మళ్లీ వెళ్లేది. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆవిడకైతే గతిలేక అమ్ముకోవాల్సి వచ్చింది. నేను ఊరికే ఇచ్చి కూడా దర్శనానికి తిరుగుతున్నానండీ! "ఒకసారి చూపించవే" అంటే మా మేనకోడలు తాళాలు వెతుకుతుంది, పైన పేర్చిన దుప్పట్లు దించుతుంది, బొంతను ఒక మడత మాత్రం విప్పుతుంది. నేను తాకబోతే "అత్తా, చేతులు కడుక్కున్నావా?" అంటుంది. కుట్టింది ఆ చేతులేనమ్మా! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలు.

నేరం మొత్తం మీ మీదే మోపను. మా కుట్టేవాళ్లలోనే మీ ఏజెంట్లున్నారు. కానుకతోపాటు పేజీడు షరతులు చేతిలో పెడతారు: మెషిన్‌లో వేయొద్దు, ఎండలో ఆరేయొద్దు, మీద కూర్చుని ఏమీ తినొద్దు, పిల్లల్ని రానివ్వొద్దు. అంత భయపెట్టాక ఎవరైనా తీసి కప్పుకుంటారా? ముదురు ఎరుపు, నీలం బట్టల్ని కత్తిరించకముందే ఉతికి రంగు దిగనిస్తే, ఈ షరతుల్లో సగం రాయనక్కర్లేదు. మిగతా సగం కుట్టినవాళ్ల బడాయి.

మొత్తానికి మీ చేతికి చిక్కనిది ఒకటుంది. నా స్నేహితురాలి కొడుకు పుట్టినప్పుడు ఇచ్చిన బొంత మొన్న రిపేరుకొచ్చింది. ఒక పక్క అంచుపట్టీ పొడవునా పోయింది. పిల్లాడు నిద్రపోయే ముందు అది నోట్లో పెట్టుకుని నమిలేవాడట. నడిమి చదరం ఒకటి అరిగి లోపలి దూది తొంగిచూస్తోంది. ఒక మూల పెన్ను సిరా, ఇంకో మూల ఏదో జంతువు బొమ్మ, గుర్రమో కుక్కో తేలలేదు. పొద్దునే ఇచ్చి, రాత్రికి పని అవుతుందా అని అడిగారు. అది లేకపోతే వాడు పడుకోడట. నేనందుకున్న రసీదుల్లో ఇంతకంటే మంచిది లేదు. అంచుపట్టీ కొత్తది వేసిచ్చాను, అరిగిన చదరం మీద ఇంకో ముక్క అతికాను, బొమ్మ జోలికి పోలేదు.

ఇకమీదట మన లావాదేవీలు మారుతున్నాయని తెలియజేయడానికే ఈ లేఖ. వెనకవైపు కుట్టే లేబుల్ మీద ఇన్నాళ్లూ పేరు, సంవత్సరం రాసేదాన్ని. ఇప్పుడు ఇంకో మూడు ముక్కలు చేర్చాను: "ఉతకొచ్చు. చింపొచ్చు. దాచకూడదు." అలాగే మొన్న మా మేనకోడలు గదిలో లేనప్పుడు మీ అరల లోతు, ఎత్తు టేపు పెట్టి కొలుచుకొచ్చాను. వచ్చే బొంత ఆరడుగుల మనిషికి కూడా మంచం దాటి వేలాడేంత పెద్దది, లోపల ఉన్ని పొరలు రెండు. ఎలా మడిచినా మీ తలుపు పడదు. అటక గారి వైపు ఆశగా చూడకండి, ఆయనకు వేరే లేఖ రాస్తున్నాను.

ఇట్లు,
మీ అరల నిండా సరుకు నింపిన,
వేలి చివర మొద్దుబారిన ఒక అత్త