వరద తీశాక పోయే పనిదినాలకు లెక్క ఏది?

గోదావరి వరద వార్త సాధారణంగా నీటిమట్టంతో మొదలై నీటిమట్టంతోనే ముగుస్తుంది. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నది 71.3 అడుగులకు చేరినప్పుడు, 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత ఇదే అతి పెద్ద వరద అని తెలుగువారందరం చదివాం. ఆ నీరు భద్రాచలం చేరకముందే ఎగువన మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో నది ఒడ్డు పల్లెలను ముంచి వచ్చింది. అక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. భూమి కాగితాలు మాత్రం మరాఠీలో ఉంటాయి. పెద్ద జబ్బు చేసినా, పెద్ద కొనుగోలు ఉన్నా కాళేశ్వరం వంతెన దాటి తెలంగాణకు పోతారు, ఎందుకంటే సొంత జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ముంబైకి అది రాష్ట్రపు చివరి అంచు, హైదరాబాద్‌కు పరాయి రాష్ట్రం. అందువల్ల నీరు తీసిన మర్నాటి నుంచి ఆ ఊళ్లలో జనం ఎలా నెట్టుకొస్తున్నారో రాసేవారు దాదాపు ఉండరు.

సిరోంచ మూడు నదుల మధ్య ఉన్న తాలూకా. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి, పడమటి సరిహద్దు వెంట దిగివచ్చి కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. అక్కడి నుంచి గోదావరే దక్షిణపు హద్దు. ఇంకా దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు ప్రాణహిత నీరు అందులోకి పోలేక ఎగదన్నుతుంది, వాగులు వెనక్కి తిరుగుతాయి, చినుకు పడని రోజున కూడా పొలాల్లోకి నీరు ఎక్కుతుంది. దీనికి తోడు సంగమానికి దిగువన 85 గేట్లతో, 16.17 టీఎంసీల నిల్వతో మేడిగడ్డ బ్యారేజీ వచ్చింది. 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి, 2019 జూన్‌లో దాన్ని ప్రారంభించారు. బ్యారేజీ వెనక జలాలతో పొలాలు మునుగుతున్నాయని, గేట్ల నుంచి వదిలే నీటి ఉరవడికి ఒడ్డు కోతకు గురవుతోందని సిరోంచ రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేస్తూ వచ్చారు. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన తర్వాత గేట్లు ఎత్తి నిల్వ ఆపేశారు. ముంపులో బ్యారేజీ వాటా ఎంతో, వాన వాటా ఎంతో తేలాలి, తేలిన మేరకు పరిహారం రావాలి. అయితే ఆ లెక్క తేలే వరకు ఇంట్లో పేరుకున్న బురద ఆగదు కదా. బతుకు మళ్లీ గాడిన పడే పని ఆ వివాదంతో సంబంధం లేకుండా, నీరు తీసిన పొద్దుటే మొదలవుతుంది.

మనం వరద నష్టాన్ని వస్తువుల్లో కొలుస్తున్నాం, రోజుల్లో కొలవడం లేదు. పోయిన పంటకు, కూలిన గోడకు, కొట్టుకుపోయిన గేదెకు ఎంతో కొంత లెక్క ఉంది. వాటిని తిరిగి నిలబెట్టడానికి మనిషి పెట్టే పనికి, ఆ పని వల్ల పోగొట్టుకునే కూలికి లెక్క లేదు. పేద కుటుంబాన్ని అప్పులోకి నెట్టేది చాలాసార్లు ఈ రెండో నష్టమే.

ఆ పని ఎంతటిదో దగ్గరగా చూస్తే తప్ప అర్థం కాదు. నీరు నిలిచి తీసిన ఇంట్లో జానెడు వండ్రు మిగులుతుంది. తడి ఆరకముందే దాన్ని పారతో ఎత్తి తట్టల్లో బయట పోయాలి. రెండు ఎండలు కాసిందంటే గట్టిపడుతుంది, ఇక పలుగు వేయాల్సిందే. మట్టి గోడలు నీరు ఉన్నన్నాళ్లూ నిలబడి, నీరు తీసి ఎండ తగిలాక బీటలిచ్చి కూలుతాయి. అందుకే తెలిసినవాళ్లు మొదటి కొన్ని రాత్రులు పిల్లల్ని ఆ గోడల కింద పడుకోబెట్టరు. గుమ్మిలో అడుగున ఉన్న వడ్లు మొలకెత్తుతాయి, వాటిపైవి ముక్కిపోతాయి, నీరు అందని పై పొర మాత్రం ఆరబెడితే తిండికి పనికొస్తుంది. ఆ పొరను వేరు చేసి, తారు రోడ్డు మీద పట్టాలు పరిచి ఆరబోసి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగున పోయి ఎత్తుకొచ్చే పనికి ఇంట్లో ఒక మనిషి వారం రోజులు కట్టుబడిపోతారు. బావి నీరు తోడించి బ్లీచింగ్ పౌడర్ కలిపే దాకా మంచినీళ్లకు బిందెలు మోయాలి. మునిగిన మోటారును విప్పించి రీవైండింగ్‌కు ఇస్తే, అదే పని మీద వచ్చిన పదిమంది వెనక వరుసలో ఉండాలి. ఇంతలో దోమలు పెరుగుతాయి. గడ్చిరోలి మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉండే జిల్లాల్లో ఒకటి కాబట్టి ఆగస్టు వచ్చేసరికి ప్రతి వాడలో ఎవరో ఒకరు జ్వరంతో మంచం పడతారు, ఆ మనిషికి తోడు ఇంకొకరి పని ఆగిపోతుంది.

ఇదంతా జరిగే కాలం జూలై, ఆగస్టు. వరి నాట్లు, పత్తి కలుపు, ఎరువు వేయడం అన్నీ ఒక్కసారిగా వచ్చి, కూలీకి ఏడాదిలో ఎక్కువ గిరాకీ ఉండే నెలలు ఇవే. మెట్ట మీద ఉన్న పక్క ఊళ్లో పొలాలు మునగవు. అక్కడి రైతులు నాట్లకు మనుషుల కోసం ఆటో పంపిస్తారు. ఇల్లు బురదలో వదిలి ఆ ఆటో ఎక్కాలా, కూలి వదులుకుని ఇల్లు ఎత్తుకోవాలా అన్నది ఒడ్డు ఊళ్ల కుటుంబాలు ప్రతి పొద్దునా తేల్చుకోవాల్సిన సంగతి. ఎక్కువ ఇళ్లలో మగవాళ్లు కూలికి పోతారు, బురద ఆడవాళ్ల పాలవుతుంది. నాట్ల పని ప్రధానంగా ఆడవాళ్లదే కాబట్టి ఆ నెలలో ఇంటికి రావాల్సిన అసలు కూలి వాళ్ల చేతుల్లోంచే పోతుంది. ఏ నివేదికలోనూ ఇది నష్టంగా నమోదు కాదు.

ప్రభుత్వ పట్టిక ఎలా ఉందో చూద్దాం. 2022లో కేంద్రం సవరించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతాల్లో రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో రూ.1.30 లక్షలు ఇస్తారు. పాడి గేదె చనిపోతే రూ.37,500 వస్తాయి. మూడంగుళాలకు మించి ఇసుక మేట వేసిన పొలానికి హెక్టారుకు రూ.18,000, ఇల్లు రెండు రోజులకు పైగా మునిగితే బట్టలకు రూ.2,500, వంట పాత్రలకు మరో రూ.2,500 ఉన్నాయి. పంట నష్టం కనీసం 33 శాతం ఉంటేనే సాయానికి అర్హత. 2022 ఆగస్టులో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ సీజన్‌లో నష్టపోయిన వర్షాధార పంటలకు ఇచ్చే మొత్తాన్ని హెక్టారుకు రూ.13,600కు పెంచి, రెండు హెక్టార్ల పరిమితిని మూడుకు చేసింది. అది మంచి నిర్ణయం, కాదనలేం. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు కొన్నాళ్లు భృతి ఇచ్చే వీలు కూడా నిబంధనల్లో ఉంది. కానీ అది పూట గడవడానికి ఇచ్చే సాయమే తప్ప, చేసిన పనికి కూలి కాదు. గుంట భూమి లేని కూలీ కుటుంబానికి, గోడలు వంగినా కూలని ఇంటికి ఈ పట్టికలో దక్కేది చాలా స్వల్పం.

ఆ స్వల్పం కోసం కూడా రోజులు ఖర్చు పెట్టాలి. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి), వ్యవసాయ సహాయకుడు కలిసి వచ్చి నష్టానికి పంచనామా రాస్తారు. ముంపు ఊళ్లు ఎక్కువ, రోడ్లు తెగి ఉంటాయి, కాబట్టి వాళ్లు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. వాళ్లు రాకముందు బురద ఎత్తేస్తే నష్టానికి ఆనవాలు పోతుందని భయం, ఎత్తకపోతే గట్టిపడుతుంది. పీక విరిగిన కుండ నుంచి తడిసిన సాత్‌బారా (భూమి హక్కు, సాగు వివరాలుండే పత్రం) కాగితం దాకా ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోవడం కుర్రవాళ్లు ఈ మధ్య అలవాటు చేసుకున్న మంచి పద్ధతి. తేదీ పడేలా తీసిన ఫొటోను పంచనామాకు ఆధారంగా తీసుకుంటామని తహసీల్ కార్యాలయం ముందే ప్రకటిస్తే ఎంతో మంది ఆ మొదటి రోజునే పార పట్టుకుంటారు. 2024 దాకా ఇక్కడి పంట బీమాలో స్థానిక విపత్తు జరిగిన 72 గంటల్లోగా యాప్ ద్వారానో ఫోన్ ద్వారానో తెలియజేయాలన్న షరతు ఉండేది. కరెంటు పోయి, టవర్ సిగ్నల్ లేక, చార్జింగ్ లేని ఫోన్ పట్టుకుని పునరావాస శిబిరంలో కూర్చున్న రైతుకు ఆ 72 గంటలు ఎలా గడిచేవో ఆ గడువు పెట్టినవారు ఆలోచించి ఉండరు. ఆ తర్వాత ఆధార్, బ్యాంకు, ఈ-కేవైసీ అంటూ సిరోంచకు తిరిగే ప్రతి తిరుగుడూ ఒక కూలి పోగొట్టుకోవడమే. మరాఠీ చదవలేని పెద్దవాళ్లు మనవడినో మనవరాలినో బడి మాన్పించి వెంట తీసుకుపోతారు.

కౌలు రైతు పరిస్థితి ఇంతకంటే కష్టం. సాత్‌బారాలో అతని పేరు ఉండదు. విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చు అతనిది, సాయం జమయ్యే ఖాతా భూయజమానిది. యజమాని మంచివాడైతే సగమో ముప్పాతికో చేతికిస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టాలు, 2011లో ఒకటి, 2019లో మరొకటి వచ్చాయి. వాటి అమలులో లోపాలు ఎన్నున్నా సాగు చేసినవాడి పేరు ఎక్కడో ఒకచోట రాయాలన్న సూత్రాన్ని అవి ఒప్పుకున్నాయి. మహారాష్ట్ర వైపున్న సిరోంచలో ఆ మాత్రం గుర్తింపు కూడా లేదు.

ఇన్నాళ్లూ ఈ ఊళ్లను నిలబెట్టింది బదులు పని. ఈరోజు మీ ఇంటికి మేం నలుగురం, రేపు మా ఇంటికి మీరు నలుగురు అనే ఏర్పాటు వల్ల గోడలు లేస్తున్నాయి, బావులు శుభ్రమవుతున్నాయి. మహిళల బచత్ గట్‌లు (పొదుపు సంఘాలు) వంతుల వారీగా ఒకేచోట వండి పెట్టినప్పుడు ఇంటికొక మనిషి పనికి ఖాళీ అవుతున్నారు. తెలంగాణలో చెన్నూరు, మహదేవ్‌పూర్ వైపున్న వియ్యాలవారు పిల్లల్ని, ముసలివాళ్లను కొన్నాళ్లు తమ ఇళ్లలో ఉంచుకుంటున్నారు. దీన్ని నేను ఎంతో గౌరవిస్తాను. అయితే బదులు పనికీ ఒక హద్దు ఉంది. ఊరంతా ఒకేసారి మునిగినప్పుడు బదులు ఇవ్వడానికి ఎవరి దగ్గరా రోజులు మిగలవు. వృద్ధ దంపతులు, ఒంటరి ఆడవాళ్లు తిరిగి పని ఇచ్చుకోలేరు కాబట్టి సిగ్గుతో అడగనే అడగరు. తమ ఇల్లూ మునిగిన ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ సేవిక ఊరి జ్వరాలు, పాలపొడి పంపకం, శిబిరం లెక్కలు చూస్తూ చీకటి పడ్డాక సొంత ఇంటి బురద ఎత్తుకుంటున్నారు. వారికి ఆ నెలలో కొన్ని రోజుల జీతపు సెలవు ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ భారం కాదు.

అందుకే పనికి కూలి అన్న మాటను గట్టిగా అంటున్నాను. ఈ ఆలోచన మహారాష్ట్రకు కొత్తది కాదు. 1972 నాటి కరువులో మొదలైన పనులే 1977లో ఉపాధి హామీ చట్టంగా మారాయి, దేశానికి దారి చూపాయి. కరువులో పని కల్పించడం తన బాధ్యత అనుకున్న రాష్ట్రం వరదలోనూ అలా అనుకోవచ్చు. సొంత ఇంటి పనికి కూలి ఇస్తారా అనే అభ్యంతరానికీ జవాబు ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద గ్రామాల్లో ఇల్లు కట్టుకునే లబ్ధిదారుకు తన ఇంటి పనికే 90 నుంచి 95 రోజుల ఉపాధి కూలిని కలిపి ఇస్తూ వచ్చారు. అదే సూత్రాన్ని మునిగిన ఇంటికి, ఇసుక మేట వేసిన పొలానికి, ఊరి బావికి కొన్ని వారాల పాటు వర్తింపజేస్తే, నాట్ల కూలికి సమానంగా కాకపోయినా ఇంట్లో పొయ్యి వెలిగేంత డబ్బు ఆ ఆగస్టులోనే చేతికొస్తుంది.

ఆగస్టు అని పట్టుబట్టడానికి కారణం ఉంది. మునిగిన పత్తిని మళ్లీ విత్తే అదను జూలై దాటితే ఉండదు. మిర్చి నారు మాత్రం ఆగస్టులో పోసి సెప్టెంబరులో నాటుకోవచ్చు. వండ్రు పట్టిన ఒడ్డు భూముల్లో మిర్చి బాగా వస్తుంది కూడా. ఆ నారుకు, దున్నకానికి చేతిలో డబ్బు లేని కుటుంబాలు జనవరి రాగానే తట్టాబుట్టా సర్దుకుని తెలంగాణలో పరుల మిర్చి ఏరడానికి వలస పోతాయి, పిల్లల బడి మార్చి దాకా ఆగిపోతుంది.

ఇందులో కొంత వానాకాలానికి ముందే చేసిపెట్టుకోవచ్చు. అంకీస, ఆసరెల్లి వంటి ఊళ్లలో మే నెలలోనే గ్రామసభ పెట్టి, ఎవరి భూమిని ఎవరు సాగు చేస్తున్నారో అందరి ముందు చదివి రాయించాలి. వరద తర్వాత బదులు పని ఇచ్చుకోలేని ఇళ్ల జాబితా కూడా అదే రోజు తయారు చేయాలి. పంచనామా ఫారాలు తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన గ్రామ యువకులకు, యువతులకు రోజు భత్యం ఇచ్చి నింపించాలి. జిల్లా యంత్రాంగం ఆ జాబితాలను తహసీల్ కార్యాలయంలో ముందుగానే చేర్చుకుని, జూలైలో నీరు తీసిన వారంలోపు కూలి హాజరు పట్టికలు తెరవాలి.