నాలుగు సిలిండర్ల వేరు కాపురం

ఎవరికీ పట్టని అన్యాయాలు మన దగ్గర చాలానే ఉన్నాయి గానీ, పాత మారుతి ఎస్టీమ్ బానెట్ కింద ఇన్నేళ్లుగా సాగుతున్న దాని మీద మాత్రం ఒక్క పార్టీ కూడా ఇంతవరకు ధర్నా చెయ్యలేదు. 1298 సీసీ ఇంజను. నాలుగు సిలిండర్లు. నాలుగింటికీ కలిపి గాలి రావడానికి ఒకే ఒక్క థ్రాటిల్. పచ్చి ఉమ్మడి కుటుంబం. వీధి తలుపు పెద్దాయన చేతిలో ఉంటుంది. ఆయన తీస్తే ముందు ప్లీనమ్ అనే వసారా నిండాలి, ఆ తర్వాతే లోపలి గదుల్లో ఉన్న నలుగురికీ వంతులవారీగా గాలి. కుడికాలు ఇప్పుడు అడిగితే ఇంజను కాస్త ఆగి "ఆఁ, ఏంటీ?" అంటుంది.

ఆ కాస్త అంటే సెకనులో చిన్న ముక్కే. కానీ పాతికేళ్ల కారు మీద జీతంలో సగం పెట్టే మనిషికి సెకనులో ముక్క అయినా అన్యాయం అన్యాయమే. కాబట్టి విజ్ఞులు వేరు కాపురం నిర్ణయించారు. ఇండివిడ్యువల్ థ్రాటిల్ బాడీలు, మనవాళ్ల మాటలో ఐటీబీలు. సిలిండర్‌కో తలుపు, అదీ వాల్వుకి జానెడు దూరంలో.

ఇదేదో కొత్త పిచ్చి అనుకునేవాళ్లు చరిత్ర చదవాలి. 1986 నాటి బీఎండబ్ల్యూ ఎం3కి నాలుగు సిలిండర్లు, నాలుగు థ్రాటిళ్లు. 1991లో టయోటా 20 వాల్వుల 4ఏ-జీఈ ఇంజనుకి కూడా కంపెనీలోనే పెట్టి ఇచ్చింది. ఆ ఇంజనీర్లు థ్రాటిళ్లతో పాటు వాల్వులు తెరిచే కామ్‌షాఫ్టు, పోర్టులు, కంప్రెషన్ అన్నీ ఒకదానికొకటి సరిపడేలా గీసుకున్నారు. మనకి అంత తీరిక లేదు. మిగతావన్నీ కంపెనీవే ఉంచి, బయటికి కనిపించే, గాలి పీల్చే బాకాలు మాత్రం తెచ్చుకుంటాం. ఫొటోలో కామ్‌షాఫ్టు ఎలాగూ పడదు కదా.

ఇంగ్లండులో జెన్వీ లాంటి కంపెనీలు ఐటీబీలు చేసి అమ్ముతాయి. ఆ ధర రూపాయల్లోకి మార్చి చూసినవాడు కాసేపు మంచినీళ్లు తాగి, సెకండ్ హ్యాండ్ సుజుకి జీఎస్ఎక్స్-ఆర్ బైకు థ్రాటిళ్ల కోసం వెతకడం మొదలుపెడతాడు. సుజుకిది సుజుకికే పెడుతున్నాం, రక్తసంబంధం అని సమర్థన. బైకు ఇంజను ఇరుకు, కారు ఇంజను వెడల్పు కాబట్టి ఆ నాలుగింటినీ విడగొట్టి, దూరం జరిపి, అన్నిటినీ ఒకేసారి తెరిచే లింకేజీ కొత్తగా చేయించి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ ప్లేటు కోయించాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద ఇలాంటివి కోసేవాళ్లకి కొదవ లేదు. కాకపోతే మేస్త్రీ డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ మోటారు పంపుకి సార్?" అని అడుగుతాడు. అవమానంగా తీసుకోకూడదు.

ఇక అసలు కథ. కంపెనీ ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటరు, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డులో వ్యాక్యూమ్ ఎంతుందో చూసి, ఎంత పెట్రోలు కొట్టాలో లెక్క వేసుకుంటుంది. వేరు కాపురాలు పెట్టాక మానిఫోల్డు ఎక్కడుంది? థ్రాటిల్ కాస్త తెరవగానే వ్యాక్యూమ్ మాయం, ఉన్న కాస్తా ఎగిరెగిరి పడుతుంది. దాంతో పాత ఈసీయూ చేతులెత్తేస్తుంది. కొత్తది కావాలి. ఆస్ట్రేలియా హాల్‌టెక్, మోటెక్ ధరలు వింటే ఇంకోసారి మంచినీళ్లు. సామాన్యుడికి దిక్కు మెగాస్క్విర్ట్. 2001 ప్రాంతంలో అమెరికాలో ఇద్దరు ఔత్సాహికులు ఈ ఈసీయూని, ఎవరి బోర్డు వాళ్లే టంకం పెట్టుకోండని జనంలోకి వదిలారు. వ్యాక్యూమ్‌ని నమ్మకుండా థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఇంజను ఎంత వేగంతో తిరుగుతోంది అనే రెండింటి మీదే పెట్రోలు లెక్క కట్టే పద్ధతికి ఆల్ఫా-ఎన్ అని పేరు. ఆ లెక్కకి ఒక పట్టిక: అడ్డం 16 గళ్లు, నిలువు 16 గళ్లు, మొత్తం 256. ఇది పెట్రోలుకి. స్పార్కుకి ఇలాంటిదే ఇంకో పట్టిక.

మన వీరుడు చేసే ఘనకార్యం ఇక్కడ చూడాలి. సామానుకి లక్షలు పోసినవాడు, ఆ గళ్లు నింపడానికి డైనో (ఇంజను శక్తి కొలిచే యంత్రం) మీద ట్యూనరు అడిగే డబ్బు దగ్గర మాత్రం పచ్చి పొదుపరి అయిపోతాడు. "అంత ఎందుకన్నా, నెట్‌లో బేస్ మ్యాప్ దొరికింది" అంటాడు. ఎక్కడో చలిదేశంలో ఎవరో ఇంకో ఇంజనుకి నింపి పెట్టుకున్న పట్టిక అది. గడ్డకట్టే చలిలో స్టార్ట్ అవడానికి అదనపు పెట్రోలు ఏర్పాటు అందులో భేషుగ్గా ఉంటుంది. మే నెలలో రామగుండంలో దాని అవసరం ఎంతో ఆలోచించండి. విశాఖ బీచ్ రోడ్డులో సరిగ్గా సెట్ చేసిన కారేసుకుని అరకు వెళ్లాడనుకుందాం. తొమ్మిది వందల మీటర్లు ఎక్కేసరికి గాలి ఒత్తిడి పదో వంతు తగ్గుతుంది. థ్రాటిల్ ఎంత తెరిచాడో మాత్రమే తెలిసిన ఈసీయూ సముద్రమట్టం లెక్కనే పెట్రోలు పోస్తుంది. బారోమీటర్ కరెక్షన్ అని ఒక సదుపాయం ఉంది, పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. పెట్టుకోనివాడి వెనక అనంతగిరి ఘాట్‌లో వచ్చేవాళ్లకి కాఫీ వాసన బదులు పెట్రోలు వాసన.

బ్రేకుల మాట నేను ఎత్తకూడదనుకున్నాను, కానీ తప్పదు. పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేక్ బూస్టరు బతికేదే మానిఫోల్డు వ్యాక్యూమ్ మీద. నాలుగు రన్నర్ల (సిలిండర్‌కి గాలి తెచ్చే గొట్టాల) నుంచీ నాలుగు పైపులు తీసి, ఒక చిన్న ట్యాంకులో కలిపి, చెక్ వాల్వు పెడితే పని జరుగుతుంది. తొందరపడి ఒక్క రన్నర్ నుంచే లాగినవాడికి ఒకటి రెండు నొక్కుళ్ల తర్వాత పెడల్ బండరాయి. వేగంగా వెళ్లడానికి ఇంత ఖర్చుపెట్టిన బండిని ఆపడం చిల్లర విషయమని అతని అభిప్రాయం కావచ్చు. ఫిల్టర్ల మీదా అదే అభిప్రాయం. బాకాల మీద ఫోమ్ తొడుగు వేస్తే అందం పోతుందట. మియాపూర్ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి దర్జాగా వెళ్తుంది, గోడలు గీస్తుంది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహన చట్టం సెక్షన్ 52 ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. దీన్ని మనవాళ్లు ఎంతో భక్తితో చదివి, ఆర్సీలో థ్రాటిళ్ల సంఖ్యకి కాలమ్ లేదని కనిపెట్టారు. పొల్యూషన్ వ్యానుకి మాత్రం కాలమ్ ఉంది. బీఎస్-2 పెట్రోలు కారు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. ఒకదానితో ఒకటి సింక్ కాని నాలుగు థ్రాటిళ్లు ఐడ్లింగ్‌లో ఏం చేస్తాయో ఆ యంత్రం నిర్మొహమాటంగా ప్రింట్ తీసి ఇస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం వీళ్ల పక్షాన నిలబడతాను. మామూలు పెట్రోలు ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20కి 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ కొట్టాలి. పాత కారుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సొంత ఈసీయూ ఉన్నవాడు ల్యాప్‌టాప్ తెరిచి చెప్పుకోగలడు. ఇథనాల్‌కి పాడయ్యే రబ్బరు పైపుల సంగతి ఏ ల్యాప్‌టాపూ చూడదు, అది వేరే.

ఇంత చేస్తే వచ్చేదేమిటి? ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) ఎస్టీమ్ పుట్టినప్పుడు 85 బీహెచ్‌పీ. కామ్, హెడ్ ముట్టుకోకుండా ఐటీబీలు మాత్రమే తగిలిస్తే దాని పక్కన చెప్పుకోదగ్గ సంఖ్య ఏదీ చేరదు. చేరేది శబ్దం. ఫుల్ థ్రాటిల్‌లో నాలుగు బాకాలూ కలిసి గాలి పీల్చే ఆ శబ్దం నిజంగా బాగుంటుంది, అందులో వ్యంగ్యమేమీ లేదు. దాని రుచి తెలియని బంధువర్గం మాత్రం పెళ్లిలో పట్టుకుని, "మైలేజీ ఎంతొస్తుందిరా అబ్బాయ్?" అంటుంది. "ల్యాంబ్డా 0.88 దగ్గర నిలిచింది బాబాయ్" అంటాడు వీడు, గాలీ పెట్రోలూ పాళ్ల లెక్క చెబుతూ. "లీటరుకా?" అంటాడాయన, నిజమైన ఆందోళనతో.

ఏడాది తర్వాత కలవండి. బండి ఎక్కడంటే "ట్యూనింగ్‌లో ఉంది" అంటాడు. బుషింగులు పగిలిపోయాయి, టైర్లు అరిగిపోయాయి, ఔటర్ మీద 120 పరిమితి ఏ రోజూ తాకలేదు. పోనీ థ్రాటిళ్లు అమ్మేస్తావా అంటే, లేదు, టర్బో పెడుతున్నాడట. టర్బోకి ఇవెందుకురా అంటే సమాధానం సిద్ధంగా ఉంది. 1989 స్కైలైన్ జీటీ-ఆర్‌కి నిస్సాన్ రెండు టర్బోలూ పెట్టింది, ఆరు థ్రాటిళ్లూ పెట్టింది, కాబట్టి తనకింకా రెండు సిలిండర్లు మాత్రమే తక్కువట.