చెరువుతో పాటే మాన్యం

తిరుమల శాసనాల్లో 15, 16 శతాబ్దాల నాటి ఒక ఏర్పాటు పదే పదే కనిపిస్తుంది. ఎవరో ఒక భక్తుడు స్వామివారి నైవేద్యానికని కొంత రొక్కం సమర్పిస్తాడు. ఆ రొక్కాన్ని దాచిపెట్టి ఊరుకోలేదు. దేవస్థానం కింద ఉన్న ఊళ్లలో చెరువు తవ్వడానికో, పూడిపోయిన కాలువ బాగు చేయడానికో ఖర్చు పెట్టేవారు. నీళ్లు పారి మెట్ట కాస్తా మాగాణి అయ్యేది. అదనంగా పండిన పంటలో గుడికి వచ్చే భాగంతో ఆ భక్తుడి పేరున ఏటేటా నైవేద్యం జరిగేది. పదిమందికీ పనికొచ్చే పనిమీద పెట్టిన డబ్బు రాబడిగా ఎలా మారుతుందో ఈ కొండ కింద మనుషులకు ఐదువందల ఏళ్ల కిందటే తెలుసు.

ఇప్పుడు అదే మాటను లెక్కల్లో చెబుతున్నారు. ప్రభుత్వం రోడ్లు, కాలువలు, రైలు మార్గాల లాంటి వాటిమీద రూపాయి పెడితే దేశ ఉత్పత్తి దాదాపు 2.45 రూపాయలు పెరుగుతుందని, అదే రూపాయి రోజువారీ ఖర్చులకు, నగదు బదిలీలకు పోతే పెరుగుదల రూపాయికి కాస్త తక్కువే ఉంటుందని ఢిల్లీలోని ఎన్‌ఐపీఎఫ్‌పీ అనే ఆర్థిక పరిశోధన సంస్థకు చెందిన ఆర్థికవేత్తలు 2013లో అంచనా కట్టారు. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం మూలధన వ్యయానికి, అంటే ఇలాంటి ఆస్తుల మీద పెట్టే ఖర్చుకు, 11.21 లక్షల కోట్లు కేటాయించింది. రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో వడ్డీలేని అప్పులిస్తోంది. వడ్డీ లేకపోయినా అప్పు అప్పే. అసలు తీర్చేది మన పిల్లలు, వాళ్ల పిల్లలు. అప్పటికి ఈ రోడ్లు, కాలువలు పనిచేసే స్థితిలో ఉంటాయా అన్నదే మా ఆందోళన.

పెట్టుబడి ఊరి రూపు మార్చేస్తుందనడానికి తిరుపతే సాక్ష్యం. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా కొండెక్కాలంటే కాళ్లను నమ్ముకోవాలి, లేదంటే డోలీ. 1974లో రెండో రోడ్డు పడ్డాక ఎక్కే బండ్లకొక దారి, దిగే బండ్లకొక దారి అయ్యాయి. లాడ్జీలు, హోటళ్లు, జీపులు, పూలకొట్లు, వీటి మీద బతికే వేలాది కుటుంబాలు ఆ దారి వెంబడే వచ్చాయి. సత్యవేడు వైపు కథ వేరు. చెన్నై, కోల్‌కతా హైవే నాలుగు వరుసలైంది. అటు చెన్నై ఓడరేవు, ఇటు కృష్ణపట్నం. 2008లో శ్రీసిటీ పారిశ్రామికవాడ మొదలైందంటే ఆ దారీ, ఆ రేవులూ చేరువలో ఉండబట్టే. ఒకప్పుడు వానకోసం ఆకాశం చూసిన ఊళ్లలో ఇవాళ తెల్లవారకముందే క్యారేజీలు పట్టుకుని అమ్మాయిలు కంపెనీ బస్సు కోసం నిలబడుతున్నారు. నెల జీతం ఇంటికి తెచ్చే కూతురి మాటకు ఆ ఇంట్లో విలువ పెరిగింది. ఏ వృద్ధి రేటులోనూ కనిపించని మార్పు ఇది.

అలాగని రోడ్డు వేస్తే చాలు, సిరులు అవే వస్తాయనుకోవడం పొరపాటు. 1989లో డేవిడ్ ఆషౌర్ అనే అమెరికా ఆర్థికవేత్త ప్రభుత్వ పెట్టుబడి తగ్గడం వల్లే తమ దేశంలో ఉత్పాదకత మందగించిందని వాదించినప్పుడు, రోడ్డు వల్ల సంపద పెరిగిందా, సంపద ఉన్నచోటే రోడ్డు వేశారా అని మిగతావాళ్లు నిలదీశారు. ఆ చర్చ నేటికీ తేలలేదు. పెట్టుబడుల నిర్వహణ సరిగా లేక సగటున 30 శాతం దాకా ఫలితం దక్కకుండా పోతోందని 2015లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) చెప్పింది. వంద ఖర్చు పెట్టి డెబ్బై పని చేయించుకోవడమన్నమాట.

మన కళ్లెదుటి ఉదాహరణ మామిడి. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు చిత్తూరు, బంగారుపాళెం వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. రోడ్డు బాగానే ఉంది. తోట నుంచి గేటు దాకా రావడానికి కష్టం లేదు. కష్టమంతా గేటు ముందే. ట్రాలీ కింద టార్పాలిన్ పరుచుకుని పడుకున్న రైతు, అతని తలపైన లోడు అడుగున మగ్గిపోయిన కాయలు. చెక్కల సందుల్లోంచి రసం కారి తారురోడ్డు మీద జిగటగా కట్టుకుపోయింది. అంతటా ఈగలు. టోకెన్ వచ్చేసరికి సగం సరుకు తూకానికి పనికిరాదేమోనన్న టెన్షన్. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 తామూ ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. నిరుటి గుజ్జు అమ్ముడుపోక ఫ్యాక్టరీల్లో పేరుకుపోయి ఉంటే కొత్త కాయ కొనేదెవరు? నిల్వకు చల్లటి గోదాములు, రేవుకు వేగంగా చేరే దారి, గుజ్జుకు కొత్త బజార్లు, ఇవన్నీ ఒక్క గొలుసు. ఒక లంకె బంగారంతో చేయించి, పక్క లంకె అసలు చేయించకపోతే ఆ గొలుసు దేన్ని లాగుతుంది?

అందుకే చిత్తూరు నుంచి చెన్నై వైపు తచ్చూరు దాకా వేస్తున్న ఆరు వరుసల రహదారిని, చెన్నై, బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వేను, 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్లతో ఆమోదించిన తిరుపతి, పాకాల, కాట్పాడి రెండో రైలు మార్గాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తూనే ఒక మాట అడుగుతున్నాం. పాకాల నుంచో, పలమనేరు నుంచో సరుకు ఆ దారి ఎక్కడానికి తోటల నుంచి వచ్చే మట్టి రోడ్ల సంగతేమిటి?

నీళ్ల విషయమూ అంతే. హంద్రీ నీవా ఎత్తిపోతల పథకం నీరు 2025 ఆగస్టులో కుప్పం పరమసముద్రం చెరువుకు చేరిన రోజు జనం కాలువ గట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. ఆ సంతోషం నిజమైనది. వెయ్యి అడుగుల బోరు వేసి దుమ్ము చూసినవాడికే దాని విలువ తెలుస్తుంది. అయితే శ్రీశైలం వెనుక మల్యాల దగ్గర మొదలుపెట్టి మెట్టుమెట్టుకూ ఎత్తితేనే ఆ నీరు ఇక్కడికి వస్తుంది. పంపులకు ఏటా కరెంటు కావాలి, కాలువకు ఏటా పూడిక తీయాలి. చెరువు దాకా వచ్చిన నీరు పొలం దాకా పోవడానికి పిల్లకాలువలు కావాలి. ఈ ఖర్చులకు రిబ్బన్ కటింగ్ ఉండదు, శిలాఫలకం ఉండదు. అందుకే బడ్జెట్‌లో కోత పడితే మొదట పడేది వీటికే.

కోత పడితే ఏమవుతుందో 2021 నవంబరు మనకు చూపించింది. స్వర్ణముఖి పొంగి వంతెనలు దెబ్బతిన్నాయి. రాయలచెరువు కట్టకు లీకు పడిందని తెలిసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో రాత్రికి రాత్రి కదిలిపోయారు. కట్ట మీద ఇసుక బస్తాలు వేస్తుంటే కిందివాళ్లు ఊపిరి బిగబట్టుకుని చూశారు. విజయనగర కాలం నాటిదని చెప్పుకునే చెరువు అది. తర్వాత నెలలోనే తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. దేవస్థానానికి సొంత ఇంజనీరింగ్ విభాగముంది, మరమ్మతుకు డబ్బుంది. కొన్ని వారాల్లోనే దారి మళ్లీ తెరుచుకుంది. ఊరి చెరువుకు ఆ ఇంజనీరు లేడు, ఆ డబ్బూ లేదు.

ఒకప్పుడు ఉండేది. చెరువు తవ్వినవాడికి, తెగిన కట్ట వేసినవాడికి రాయలసీమలో దశబంధం మాన్యం పేరున భూమి ఇచ్చేవారు. ఆ చెరువును బాగుచేస్తూ ఉన్నంతకాలమే భూమి అతనిది, వదిలేస్తే మాన్యం పోతుంది. తూము ఎత్తడానికి, దించడానికి నీరుగంటి ఉండేవాడు, అతనికీ పంటలో వాటా. చెరువు కట్టిన రోజే దాని మరమ్మతు ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో రాసిపెట్టారు. ఇప్పుడు కోట్లతో కడుతున్న ఏ పనికైనా అలాంటి రాత ఉందా? తిరుపతిలో సుమారు 650 కోట్లతో కట్టిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద నీళ్లు నిలవకుండా చూసేందుకు, కింద కాలువల్లో చెత్త తీసేందుకు ఏటా ఎంత, ఎవరి ఖాతా నుంచి అన్నది ప్రజలకు తెలిసేలా ఎక్కడైనా ఉందా?

చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రజాప్రతినిధులను, అధికారులను మేము కోరేది ఇదే. కొత్త పనికి అంచనా వేసేటప్పుడే పదేళ్ల మరమ్మతు ఖర్చు కూడా అందులో రాయండి. ఆ డబ్బును ఇంకో పద్దుకు మళ్లించడానికి వీల్లేకుండా చేయండి. సగంలో ఆగిన పిల్లకాలువలు, తోటల దారులు పూర్తయ్యాకే కొత్త శంకుస్థాపనలకు కొబ్బరికాయ కొట్టండి. ఏ చెరువు కట్ట ఎలా ఉందో, చివరిసారి ఎప్పుడు చూశారో పంచాయతీ ఆఫీసు గోడమీద రాయించండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. చెరువు నిండితే నీరు పొర్లిపోయే మొరవ దగ్గర పెరిగిన కంపచెట్లు కొట్టించడానికి, బిగుసుకుపోయిన తూము షట్టర్లకు గ్రీజు పెట్టించడానికి టెండర్ల దాకా కూడా పోనక్కర్లేదు.