మహారాజశ్రీ రాజధాని గారి సముఖమునకు

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమని రాద్దామంటే, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కూర్చుని ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ దగ్గరికి జనం ఉపాధి, చదువు, వైద్యం కోసం వస్తారని సాంఘికశాస్త్రం పుస్తకంలో రాశారు. ఆ మూడింటినీ మీ పెరట్లో కట్టేసుకున్నది తమరేనని మాత్రం రాయలేదు. మా అత్తయ్య మోకాలి నొప్పికి కూడా తమ దర్శనం కావలసి వచ్చింది.

1953లో తమరు కర్నూలులో డేరాల్లో కాపురం పెట్టారు. హైకోర్టేమో గుంటూరులో. ఆ డేరాల్లోకీ గుమాస్తాలు వచ్చారు, ఫైలు ఎక్కడుంటే జీతం అక్కడ కదా! 1956 నవంబరు 1న మకాం హైదరాబాదుకు మారింది. ఫైలు వెనక గుమాస్తా, గుమాస్తా వెనక బామ్మర్ది, బామ్మర్ది వెనక టిఫిన్ సెంటరు. ఇక్కడివాళ్లు 1969లో మా ఉద్యోగాలేవని రోడ్డెక్కితే మీ సమాధానం తుపాకీతో వచ్చింది. దాని మీద వెటకారం ఆడను.

1998లో సైబర్ టవర్స్ లేచింది. అప్పటినుంచి మైత్రీవనం దగ్గర నడిచేవాడి చేతిలో కోర్సుల కరపత్రం పడకుండా ఉండదు. హాస్టల్ గదిలో మంచానికీ మంచానికీ మధ్య మోకాళ్లు పట్టవు, తాడు మీద తువ్వాళ్లు ఆరవు. అవతల అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కుర్రాడు ఐదు రూపాయల భోజనం కోసం లైన్లో నిలబడి ఉంటాడు. ఇంటికి ఎప్పుడొస్తావురా అని అమ్మ ఫోన్ చేస్తే, నోటిఫికేషన్ పడనీయమ్మా అంటాడు. ఈలోగా చెల్లెలి పెళ్లి అయిపోతుంది.

మీ అంతస్తులు లేపిన పాలమూరు మేస్త్రీ ఉన్నాడే, ఆయన్ని ఏ కోర్సూ లాగలేదు. వాన పడలేదు, వచ్చాడు. ఆయన కట్టిన ఫ్లాట్ల గేటు దగ్గర ఇప్పుడు ఆయన పేరు, ఫోను నంబరు రిజిస్టర్‌లో రాయించుకుని లోపలికి వదులుతున్నారు.

ఇంత చేసి, రాష్ట్రం రెండయ్యాక 2016లో తమరు వెలగపూడికి కదిలారు. ఈసారి గుమాస్తా కాపురం కదల్లేదు! వారానికి ఐదు రోజుల పనన్నారు, హైదరాబాదు లెక్కన అద్దె భత్యమన్నారు. ఆయన ఒక్కడే వెళ్లి గదిలో సర్దుకుని, శుక్రవారం సాయంత్రం పెట్టె పట్టుకుని రైలెక్కేవాడు. పిల్లల స్కూలు ఇక్కడ, ఆవిడ ఉద్యోగం ఇక్కడ, ఫ్లాటు ఈఎంఐ ఇక్కడ. పదేళ్లు ఉమ్మడి రాజధాని అని చట్టంలో ఉన్నదాన్ని ఆయనొక్కడే అక్షరాలా పాటించాడు.

2019లో తమరు ముగ్గురవుతారని కూడా విన్నాం. అప్పుడు మా బామ్మర్దికి మూడు రాత్రులు నిద్ర లేదు. ఏ ఊళ్లో ప్లాటు కొనాలో తేల్చుకోలేకపోయాడు పాపం.

అందుకే ఈ మనవి. మళ్లీ మకాం ఎత్తే ఆలోచన ఉంటే, గెజిట్‌కు ముందు మా వాడి చెవిన ఒక్క మాట వేయగలరు. రిజిస్ట్రేషన్ ఖర్చులు మావే.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రస్తుత చిరునామా: అద్దె ఇల్లు