సన్నాయికి ఒక గంట

పార్కింగ్ దొరక్క పది నిమిషాలు ఆలస్యమైందని మొన్న మమ్మల్ని సింఫనీ హాలు తలుపు దగ్గరే ఆపేశారు. మొదటి అంశం అయ్యేదాకా లోపలికి వదలరట. "ఒంగోల్లో ముహూర్తం దాటాక వెళ్ళినా ముందు వరసలో కూర్చోబెడతారు" అని మా ఆవిడ గొణిగింది. నిజమే. ఆ రాత్రి నుంచి నా కోపమంతా పెళ్ళిలో సన్నాయి మోగుతున్నా పట్టించుకోని ఆ ముందు వరస మీదే.

మేం వెళ్ళింది బాగా పేరున్న ఒక పియానిస్టు కోసం. ఆమె వాయించింది రష్యన్ స్వరకర్త రాక్మానినోవ్ రెండో పియానో కాన్సెర్టో, అంటే ఒక వాద్యం ముందుండి పెద్ద వాద్యబృందంతో కలిసి వాయించే రచన. 1897లో మొదటి సింఫనీ ఘోరంగా దెబ్బతినేసరికి రాక్మానినోవ్ కుంగిపోయాడు. ఆ తర్వాత రెండుమూడేళ్ళు చెప్పుకోదగ్గదేమీ రాయలేకపోయాడు. నికొలాయ్ దాల్ అనే డాక్టరు దగ్గర వైద్యం చేయించుకుని, తేరుకుని ఈ కాన్సెర్టో రాశాడు. 1901లో మాస్కోలో దాన్ని మొదటిసారి పూర్తిగా తనే వాయించాడు, డాక్టరుగారికే అంకితమిచ్చాడు.

మొదట పియానో ఒక్కటే మోగుతుంది. ఎక్కడో దూరాన గంట కొట్టినట్టు మొదలై ఒక్కో దెబ్బకీ దగ్గరకొస్తుంది. ఇక ఈవిడ చెలరేగిపోతుంది అనుకున్నాను. తీరా చూస్తే అసలు పాటను వయొలిన్లకు అప్పజెప్పి, తను అడుగున అలలు అలలుగా వాయిస్తూ ఉండిపోయింది. రెండో భాగంలోనూ అంతే. పాటను క్లారినెట్ అందుకుంటే, ఈమె పక్కవాద్యం. టికెట్ కొన్నది ఎవరి కోసం, పాట ఎవరి చేతిలో ఉంది! సన్నాయి మేళంలో పెద్దాయన ఊపిరి తీసుకునేటప్పుడు పక్కనున్న అతను పాట జారిపోకుండా పట్టుకుంటాడే, అది గుర్తొచ్చింది నాకు.

ముప్పై అయిదు నిమిషాలు. మైకు లేదు. రెండువేల మంది గొంతులో గరగరను భాగానికీ భాగానికీ మధ్య దాకా ఆపుకుని, అప్పుడు ఒక్కసారిగా దగ్గారు. నవ్వొచ్చింది కానీ, వాళ్ళతో పాటు నేనూ దగ్గాను.

"వాళ్ళ పద్ధతి వేరండీ, మన రక్తంలో లేదు" అంటారు మిత్రులు. వాళ్ళ రక్తంలోనూ లేదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మోజార్ట్ సంబరపడుతూ వాళ్ళ నాన్నకు ఉత్తరం రాశాడు. ఈ నిశ్శబ్దం తర్వాత మెల్లగా అలవాటు చేసుకున్నది. నాకైతే అంత బిగదీసుకుని కూర్చోవడమూ ఇష్టం లేదు. పాటలో మంచి మలుపు పడితే "ఆహా" అనాలి, తొడ మీద తాళం వేయాలి. మాట్లాడకపోతే చాలు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. పోయిన ఎండాకాలం ఒంగోలులో మేనల్లుడి పెళ్ళి. మండపం పక్కన నలుగురు భజంత్రీలు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. నేను ఆయనకు రెండు కుర్చీల అవతల కూర్చుని ఆఫీసు ఫోను మాట్లాడుతున్నాను. సన్నాయి గట్టిగా ఉందని ఇంకా గట్టిగా అరుస్తున్నాను కూడా. ఆయన ఆపేశాడు. సన్నాయి కొసనున్న ఊదే పీక తీసి గ్లాసులో నీళ్ళలో ముంచి పెట్టుకున్నాడు. ఫోను అయ్యాక మొహమాటానికి "బాగా వాయించారు పెద్దాయనా" అన్నాను.

"ఇంకో కీర్తన ఉంది బాబూ. ఈ భోజనాల బంతి లేచాక వాయిస్తాను, ఉంటారా?"

ఉండలేదు. ఆ రోజంతా జనం ఆయన్ని తల్చుకున్నది ఒక్కసారే, పురోహితుడు వేలెత్తి "గట్టిమేళం" అన్నప్పుడు. మరి అప్పుడు వాయించేది తుమ్ములూ దగ్గులూ వినపడకుండా ఉండటానికట!

ఇదెక్కడి ఊరని! ఒంగోలు పక్కనే కారవాడి. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో పుట్టింది అక్కడే. నాదస్వరం పట్టుకుని శ్రీరంగం వెళ్ళి, తంజావూరు బాణీలో తమిళులనే మెప్పించి శ్రీరంగంలోనే స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాముడి మీద కీర్తనలు ఆ కుటుంబాలు ఎంత భక్తిగా వాయిస్తాయో విన్నవాళ్ళకు తెలుసు. ప్యాసింజర్ బండిలో ఎన్నిసార్లు కారవాడి స్టేషన్ దాటానో లెక్కలేదు. ఒక్కసారీ ఎవరూ నాకీ మాట చెప్పలేదు. చినమౌలానాగారి రికార్డింగ్ ఇక్కడికొచ్చాక, నలభై దాటాక విన్నాను.

ఇక మన తెలుగు సంఘం సంగతి. పోయినేడాది సంబరాల కార్యక్రమపత్రం ఇంకా నా దగ్గరుంది. ఉదయం ఎనిమిదిన్నర: "అల్పాహారం, నాదస్వరం". ఇడ్లీ, వడ, సాంబారు, సన్నాయి. లెక్కల్లో ఆ ఖర్చు పూల అలంకరణ కింద రాశారు. సినిమా గాయకులకు రాత్రి మూడు గంటలు ఇచ్చాం, మళ్ళీ ఇవ్వండి, నేనూ వెళ్ళి హుషారుగా కేకలేశాను. కానీ అదే పెద్ద హాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా సన్నాయికి ఇవ్వండి. ఇద్దరు విద్వాంసులు, ఇద్దరు డోలు వాళ్ళు, శ్రుతి. మైకు అక్కర్లేదు, ఆరుబయట ఊరంతా వినపడేలా చేసిన వాద్యం అది. యాంకర్ అసలే వద్దు. స్పాన్సర్ల సన్మానం ఏడు తర్వాత పెట్టుకోండి.

నెలకింత కట్టి పిల్లల్ని పియానో క్లాసులకు తిప్పుతున్న తల్లిదండ్రులు మనలో చాలామంది. మంచిదే, మా అమ్మాయీ నేర్చుకుంది. ఆ పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. కదలకుండా వినడం వాళ్ళకు వచ్చు. టెన్షనంతా మన వయసు వాళ్ళతోనే.

ఆరు తర్వాత వచ్చినవాళ్ళను తలుపు దగ్గర ఆపే పని నాకివ్వండి. సంఘం అధ్యక్షులు వచ్చినా సరే, మొదటి కీర్తన అయ్యేదాకా వదలను.